నవలలో అన్నయ్య సమాధి

మా అన్నయ్య నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. ఒక తుఫాను రోజున మడులకు వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆనాటి నా డైరీలో "గాలి, వాన. అన్నయ్య రాలేదు" అని మాత్రమే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత టెక్కలి నుంచి ఒక యువరచయిత వచ్చాడు. పాతకాలపు ఉప్పు కూలీల మీద చారిత్రక నవల రాస్తున్నానన్నాడు. అన్నయ్య భార్య, మా వదిన, అతని ముందు ఎన్నడూ లేనంతగా మాట్లాడింది. అచ్చయ్యాక మాకొక ప్రతి పంపాడు.

వదినకు చదువు రాదు. ఆమె ఇంట్లో పుస్తకమంటే బైబిలే. సాయంత్రాలు నేను వెళ్లి ఒక అధ్యాయం చదివిపెడతాను. అదే వేళకు నవలా మొదలుపెట్టాను. బాగా రాశాడు. నా డైరీలో లేని అన్నయ్య అందులో అసలు పేరుతోనే ఉన్నాడు. గట్టు మీద కూర్చుని అంబలి తాగేవాడు, నవ్వితే ఒక కన్ను మూసుకుపోయేది. చివర్లో తుఫాను. తోటి కూలీలు శవాన్ని వెతికి తెచ్చి, సరుగుడు తోట పక్కన పాతిపెట్టి, కర్ర సిలువ నాటారు.

వదిన లేచి నిలబడింది. "ఆ తోట ఎక్కడుందట మరిదీ? ఈస్టరుకి ఎల్దాం."

ఈస్టర్ నాడు మా చర్చి సంఘం వాళ్లంతా తెల్లవారకముందే తమవాళ్ల సమాధులకు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. వదిన ఏటా ఎవరో దూరపు చుట్టం సమాధి దగ్గర కాసేపు నిలబడి వచ్చేసేది.

"అది కథ కదా వదినా" అన్నాను.

"కతయితే ఆయన పేరెందుకు రాసినాడు? నీకు నడవడానికి బద్దకం, అదీ సంగతి. ఆటో నాను మాట్లాడతాను, నువ్వు కూకుంటే సాలు."

రచయితకు ఫోన్ చేశాను. "అది కల్పనండీ. శవం దొరకలేదని ముగిస్తే చదివేవాళ్లు తట్టుకోలేరు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేకపోయాను. నవల రాసేవాడు నవలే రాశాడు.

నేను వెళ్లేసరికి వదిన సమాధికి వెయ్యడానికి సున్నం, కొవ్వొత్తులు తెప్పించి గుమ్మం పక్కన పెట్టుకుంది. విషయం చెప్పాను.

"మరి ఆ నవ్వు? అదీ ఆడు కల్పించిందేనా?"

"లేదు వదినా, అది నిజం. నువ్వే అతనికి చెప్పావు."

"నానే సెప్పానేటి?"

"నువ్వే. నేనూ పక్కనే ఉన్నాను."

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ప్రార్థన చేస్తోందనుకున్నాను.

"ఆయన మొకం రాటంలేదు మరిదీ" అంది కళ్లు తెరవకుండానే. "ఆ కర్ర సిలవే అగుపడతంది."