మంచం పక్కన అడిగిన ప్రశ్న

ఆఫీసులో ఆమెకు త్రాసు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు గానీ, ఆమె దాన్ని బిరుదులా భుజాన వేసుకుంది. చాలా దేశాల్లో ఒకే ప్రశ్నలు అడిగి, జవాబులను పక్కపక్కన పెట్టి పోల్చే సర్వే సంస్థ అది. పరాయి భాషలో వచ్చిన ప్రశ్నను ఇక్కడి జనం మాటల్లోకి తేవడం, నలుగురిని అడిగి చూడడం, ఇక్కడా దానికి అదే అర్థమని పైవాళ్లకు మాట ఇవ్వడం ఆమె పని. ‘తరచుగా’కూ ‘అప్పుడప్పుడు’కూ మధ్య ఎంత దూరమో ఆమెను కదిలిస్తే పూటంతా చెప్పగలదు. వినేవాళ్లే దొరికేవారు కాదు.

ఆ ఏడు వచ్చినవి ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారి గురించిన ప్రశ్నలు. వాటిలో ముఖ్యమైనది ఒక్కటే: ఈ సేవ మీకు మోయలేని భారంగా అనిపిస్తోందా? ఎక్కడ ఎక్కువమంది అవునంటే అక్కడికి ముందుగా ఇంటికొచ్చే నర్సులను పంపుతారట. ప్రశ్నను అడిగి చూడడానికి ఆమె దూరం పోనక్కర్లేకపోయింది. సొంత అక్క ఉంది. అక్క అత్తగారికి పక్షవాతం. ఆవిడను ఎత్తడం, కడగడం, పక్కకు తిప్పడం అన్నీ అక్క చేతుల మీదే. బావగారు మంచివాడే. ఆ మంచితనమంతా గుమ్మం అవతలే ఖర్చుపెట్టి ఇంటికి ఖాళీగా వచ్చే రకం.

ఆమె వెళ్లేసరికి అక్క అత్తగారికి చెంచాతో పాలు పడుతోంది. పెద్దావిడను వదిలేసి వంటింట్లో గుసగుసలాడితే ఏం బాగుంటుందని, చెల్లెలు కుర్చీ మంచం పక్కకే లాక్కుంది. ముసలావిడకు కాళ్లు పనిచేయవు గానీ చెవులు మాత్రం పాముచెవులు. ప్రశ్న చదవగానే అక్క చెంచా ఆపి చెల్లెలి ముఖంలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది.

“భారమేముందే, మా అత్తగారేగా,” అంది.

చెల్లెలికి ఆ చూపు అర్థం కాలేదా అంటే, అయింది. ఆ జవాబు తనకోసం కాదనీ, మంచం మీది మనిషి కోసమనీ తెలిసింది. మిగతా దేశాల్లో మనిషిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారనీ తెలుసు. కానీ ఆ సాయంత్రమే పైవాళ్లతో సమావేశం. ఇక్కడి ఇళ్లలో ఏకాంతంగా అడిగితే తప్ప నిజం బయటికి రాదంటే పని మళ్లీ మొదటికొస్తుంది. ఒక్క మీ దగ్గరే ఎందుకీ పేచీ అంటారు. అంతవరకూ ఆమె ఇక్కడి మాటల్లోకి తెచ్చిన ప్రశ్న ఒక్కటీ వెనక్కి రాలేదు, ఆ గర్వం ఒకటి. మాటలు సరిగ్గా తూగాయి, మార్పులు అక్కర్లేదు అని చెప్పేసింది. అందరూ మెచ్చుకున్నారు.

సర్వే జరిగింది. ఊరూరా మంచాల పక్కనే కూర్చుని అడిగారు. ఊరూరా భారమేమీ లేదనే చెప్పారు. రోగులను చూసుకునేవాళ్లు ఇంత హాయిగా ఉన్న దేశం ఇంకోటి లేదని తేలింది. కుటుంబాలంటే మనవీ అని పత్రికలు పొంగిపోయాయి. నర్సులు వేరే దేశాలకు వెళ్లారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగి మరీ పెట్టకుండా పోయారు.

ఆ వార్తలు వచ్చిన రోజంతా ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఆఖరికి ఉండబట్టలేక పెద్దాఫీసరు దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. వచ్చే విడతలో చూద్దాంలెమ్మన్నాడు. వచ్చే విడత అంటే ఏళ్ల మాట.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లింది. అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. నడుము పట్టేసిందట. బరువులు ఎత్తొద్దని డాక్టరంటే, మనిషిని ఎత్తొచ్చు కదండీ అని అడిగిందట. చెబుతూ తనే నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు. అక్కను పెరట్లోకి తీసుకెళ్లి, తెలిసీ ఆ జవాబే రాసుకున్నాననీ, నర్సు రాకపోవడానికి తనూ కారణమేననీ ఉన్నదంతా చెప్పేసింది. అక్క తడి దుప్పటి పిండుతూ విన్నది.

“నేను నోరు తెరవకపోయినా చిన్నప్పట్నుంచీ అన్నీ కనిపెట్టేదానివి కదే,” అంది. “వేరేవాళ్లు అడిగుంటే ఏదో వంక పెట్టి బయటికి తీసుకొచ్చి నిజం చెప్పేదాన్ని. అడిగేది నువ్వే కదా అని ధైర్యంగా అబద్ధం చెప్పాను.”

లోపల ముసలావిడ మూలిగింది. పక్కకు తిప్పే వేళయింది. అక్క దుప్పటి వదిలి గోడ అందుకునేలోపే చెల్లెలు పరుగున వెళ్లి మంచం మీదికి వంగింది. భుజం కింద చెయ్యి పెట్టింది, తీసింది, నడుము కింద పెట్టింది. ఎక్కడ పట్టుకుంటే ఆవిడకు నొప్పి కలగదో ఆమెకు తెలియలేదు. చివరికి అక్కే వచ్చి, కొంగు బిగించి వంగింది.