మా గుసగుస

నాటక సమాజంలో మా చెల్లెలికి పెట్టిన పేరు గుసగుస. ఇవాళ ఆమె నాటకాలు చదివేవాళ్లకు, రంగస్థలం మీద ఆమెను చూసేవాళ్లకు ఆ పేరు తెలియదు. పెట్టినవాళ్లు మిగల్లేదు. నాకు గుర్తుంది కాబట్టి రాస్తున్నాను.

నాన్న దర్జీ. ముందుగదిలో ఆయన మిషను, వెనకగదిలో మేము. ఆ చప్పుడులో మాట వినబడాలంటే అరవాలి, లేదంటే చెవి దగ్గరకొచ్చి చెప్పాలి. నేను ఎప్పుడూ పుస్తకంలో తలదూర్చి కూర్చునేదాన్ని. చెల్లెలు తన పాఠాలన్నీ నా చెవిలోనే అప్పజెప్పేది. గొంతు పెంచకుండా ప్రతి అక్షరమూ విడిగా వినిపించే విద్య ఆమెకు అక్కడే అబ్బింది.

డిగ్రీ అయ్యాక సాయంత్రాలు నాటకాల బడికి వెళతానంది. నాన్న నోట్లోని సూది తీసి, "నాటకాలవాళ్లకి బట్టలు కుట్టేది మనమేగా. వేషం వేసేది కూడా మనింట్లో ఉంటే కొలతలకి దూరం వెళ్లక్కర్లేదు" అన్నాడు. అంతకు మించిన ఆశీర్వాదం ఆయనకు చేతకాదు.

బడి నడిపే మాస్టారు ఆమె గొంతు విని ప్రాంప్టింగుకు పెట్టుకున్నారు. పక్క తెర వెనక నిలబడి, నటులు మాట మరచిపోతే అందించడం ఆ పని. నటుడికి వినబడాలి, మొదటి వరుసకు వినబడకూడదు. అందులో ఆమెను కొట్టేవాళ్లు లేరు. అదే ఆమె కొంప ముంచింది. అక్కడ చదువు పూర్తయి మాస్టారి సమాజంలోనే చేరాక కూడా వేషం అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట.

"నువ్వు ముందుకొస్తే వెనక ఎవరుంటారమ్మా?"

అలా ఏళ్లు దొర్లాయి. ఎవరూ ఇవ్వని వేషం తానే రాసుకుంటానని కూర్చుంది. పగలు స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చి, నాన్న ఇస్త్రీ బల్ల ఖాళీ అయ్యాక దాని మీద రాసేది. ప్రతి మాటనూ గదిలో నడుస్తూ పలికి చూసేది. ఊపిరి చాలకపోతే కొట్టేసేది. ఆ తరువాత నా వంతు. చదువుతున్న పుస్తకంలోంచి నేను తల ఎత్తితే ఆ మాట ఉంటుంది, ఎత్తకపోతే పోతుంది. నేను నోరు విప్పి చెప్పిందేమీ లేదు.

ఆ నాటకంలో ఇద్దరే. రిటైరైన రైలు గార్డు, అతని భార్య. ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు. సామాను సర్దుతున్నంతసేపూ అతను తన పాత కథలే మళ్లీ చెబుతుంటాడు. మాస్టారు చదివి, "ఆడదాం. భార్య వేషం నీదే" అన్నారు. గార్డు వేషం సమాజంలో అందరికంటే సీనియరు, పెద్దగొంతు అని పిలుచుకునే నటుడిది.

మొదటి రిహార్సల్లోనే చిక్కొచ్చింది. పెద్దగొంతు మాట ఎత్తుకోగానే చెల్లెలి పెదవులు కదిలాయి. ఎదుటివాడి మాట తన నోట్లో సిద్ధంగా పెట్టుకోవడం ఇన్నేళ్ల అలవాటు మరి.

"ఏమ్మా గుసగుసా, నా డైలాగు కూడా నువ్వే కానిచ్చేస్తావా? అయితే నేను ఇంటికెళ్లి పడుకుంటా."

"నేనేం అనలేదండీ."

"నోటితో అనలేదులే. మూతితో అన్నావు."

మాస్టారు నవ్వలేదు. "ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ మూతి కదిలితే వేషం ఇంకొకరికి. రాసింది నువ్వే, కాదనను. కానీ చూసేవాళ్లకి అదంతా అక్కర్లేదు కదా."

చెల్లెలు పెదవి కొరికి పట్టి చూసింది. పంటినొప్పి మనిషిలా కనబడింది. నాన్న చొక్కా గుండీ ఒకటి చేతిలో పెట్టాడు.

"పళ్ల మధ్య పెట్టుకో. మూతి కదిలితే జారుతుంది."

"మింగేస్తేనో?"

"మింగితే ఇంకోటి ఇస్తా. డబ్బాడున్నాయి."

గుండీతో మూతి ఆగింది, దాంతోపాటు మొహమూ ఆగిపోయింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. శనివారం సాయంత్రం ఆమె గుండీ తీసి కిటికీలో పెట్టి, నాన్న కుట్టి పడేసిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. "వదిలేద్దామక్కా. నాకు తెర వెనకే బాగుంటుంది" అంది.

ముందుగదిలో ఎవరో కొత్తగా వచ్చారు. నాన్న తన పాత కథ అందుకున్నాడు, పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టిన కథ. మేము పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఎందుకో తల ఎత్తాను. చెల్లెలు మడతపెడుతూనే ఉంది, గోడ అవతలి మాటలకు ఆమె పెదవులు కదులుతున్నాయి. నాన్న కంటే ఒక్క మాట ముందే ఉంది. మొహంలో విసుగూ ఉంది, ముద్దూ ఉంది.

నేను చూడటం చూసి ఆగింది. "ఏమన్నానక్కా?"

"ఏమీ అనలేదు. నాన్న కథ చెబుతున్నావు."

చేత్తో పెదవులు తడుముకుంది. ఆ తరువాత చాలాసేపు మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెట్టింది.

ఆదివారం నేనూ వెంట వెళ్లాను. పెద్దగొంతు కొత్త మాట చెప్పినప్పుడు చెల్లెలి మూతి కదల్లేదు. పాత కథ ఎత్తుకోగానే, అతని వైపు చూడకుండా దుప్పటి మడుస్తూ, పెదవులతో ఆ కథంతా నడిపింది. అతను కోపంగా తిరిగి, ఆమె మొహం చూసి, కథలో తన గొంతు తానే తగ్గించాడు. నలభై ఏళ్లు కాపురం చేసినవాడిలా తగ్గించాడు.

మాస్టారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "ప్రాంప్టింగుకి ఇంకో మనిషిని వెతుక్కోవాలి" అన్నారు.

నాటకం రోజున చివరి రంగంలో గార్డు ఉండడు, ఖాళీ కుర్చీ ఉంటుంది. ఆమె దాని పక్కన నిలబడి, ఒక్క మాటా పైకి రాకుండా, అతని కథ మొత్తం పెదవులతో చెప్పింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నా పక్కన కూర్చున్న నాన్న కండువాతో మొహం తుడుచుకుని, "జాకెట్టు చేతులు కాస్త బిగుతు చేశాను, ఛ" అన్నాడు. ఇంటిదాకా అదే మాట.

ఆ తరువాత ఆమె ఎన్ని రాసిందో, ఎన్ని వేసిందో లోకానికి తెలుసు. ఇప్పుడు మాస్టారి బడి ఆమెదే. వేషం కావాలని వచ్చినవాళ్లెవరినైనా ముందు తెర వెనకే నిలబెడుతుంది. వాళ్లు తిట్టుకుంటారు. నాకు నవ్వొస్తుంది.

నిన్న కొత్త నాటకం వినిపించడానికి వచ్చింది. జుట్టు నెరిసినా ఆ నడుస్తూ పలకడం మానలేదు. నా చూపు మందగించి పుస్తకాలు పట్టడం మానేశాను కదా, అయినా ఆమె వస్తుందని ఒకటి తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను. తల ఎత్తడానికి ఉండాలిగా.