పొయ్యి చుట్టూ మనుషులు

లాసెం ఊళ్ళో గుడ్డల మీద మైనంతో బాతిక్ బొమ్మలు గీసే ఆడవాళ్ళు నలుగురేసి ఒక పొయ్యి చుట్టూ కూర్చుంటారు. మధ్యలో మైనం కాగుతుంటుంది. చేతిలో రాగి కలం, ఒళ్ళో గుడ్డ, నోట్లో ఊరి కబుర్లు. పదకొండో ఏట అలా కూర్చున్న వార్సినికి ఇప్పుడు యాభై దాటాయి; పన్నెండేళ్ళుగా పదిహేను మందికి పెద్ద. కబుర్లంటే ఆమెకు ఒళ్ళుమంట. అందుకే యజమాని హెందార్తో కరెంటు పొయ్యిలు కొన్నప్పుడు, "మనిషికొకటిచ్చి వరసగా కూర్చోబెట్టండి సార్, నోళ్ళు మూతపడతాయి" అని తనే చెప్పింది.

నోళ్ళు మూతపడ్డాయి. గీతలూ చెడ్డాయి. ఎవర్నడిగినా తల వంచుకుని "బానే ఉందక్కా" అన్నారే తప్ప ఒక్కరూ ఎదురు చెప్పలేదు. పెద్దల ముఖం మీద కాదనడం వాళ్ళకు చేతకాదు. నలభై ఏళ్ళుగా చెయ్యి వణకని తుమీరా అవ్వ కూడా మైనం కార్చి మూడు గుడ్డలు పాడుచేసింది. నెలాఖరుకు దారికి రాకపోతే చేతిపని మాన్పించి, గుడ్డ మీద బొమ్మ అద్దే అచ్చులు పెట్టిస్తానన్నాడు హెందార్తో.

పనిచోట కొత్త పద్ధతులు అలవాటు చేయడం మీద సెమరాంగ్ పట్నంలో శిక్షణ ఉందంటే వార్సినిని పంపాడు. ఐదో తరగతి దాటని మనిషి, ఇస్త్రీ చొక్కాల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పాఠం చెప్పే అమ్మాయి మెదడు బొమ్మను అరచేతిలో పెట్టుకుంది.

"మనవాళ్ళ నుంచి విడదీస్తే దీనికి దెబ్బ తగిలినట్టే ఉంటుంది. భయపడితే కొత్తది నేర్చుకోలేదు. కొంతైనా పనివాళ్ళనే ఎంచుకోనివ్వండి."

వార్సిని నోరు తెరుచుకుని ఉండిపోయింది. అవ్వ గీసిన నలభై ఏళ్ళ గీతలు ఆ గుప్పెడు ముద్దలోనా ఉన్నాయి? పక్కన మనిషి లేకపోతే అంత విద్యా మూగబోతుందా? అల్లా, ఎంత చిన్న చోట ఎంత పెట్టావయ్యా!

మర్నాడు ఊరికి తిరిగొచ్చి అందరినీ పిలిచింది. "పొయ్యిలు మాత్రం ఈ కొత్తవే ఉంటాయి. ఎవరి పక్కన ఎవరో మీరే తేల్చుకోండి. ఈ వారం చింకి గుడ్డల మీద గీయండి, చెడితే చెడింది."

పీటలు బరబరా జరిగాయి, పొయ్యిలు గుండ్రంగా చేరాయి. ఎవరి కోడలో అలిగి వెళ్ళిన కథ మొదలైంది. ఆ గోలలో, గుడ్డవైపు సరిగ్గా చూడనైనా చూడకుండా, అవ్వ ఒక గీత లాగింది. మూరెడు పొడుగున ఎక్కడా తెగలేదు.

నెలాఖరున హెందార్తో గుడ్డలన్నీ వెలుతురుకు పట్టి చూసి, అచ్చుల మాటెత్తకుండా వెళ్ళిపోయాడు. వార్సిని అవ్వ ముందు చతికిలబడింది. "మిమ్మల్ని విడదీయమన్నది నేనే అవ్వా."

"తెలుసులేవే." అవ్వ మైనం అడ్డుపడ్డ కలాన్ని ఊదింది. "మాకు పెద్దవయ్యాక నీ పక్కన ఒక్కరూ కూర్చోలేదు. పన్నెండేళ్ళు ఎట్లా ఓర్చుకున్నావే తల్లీ? జరగండే, దీనికి చోటివ్వండి."