సగం గీసిన గడ్డం

మా చిన్నప్పుడు... నాన్న లారీ దిగి ఇంటికొచ్చాడంటే అమ్మ ముందు అన్నం పెట్టేది కాదు. పొయ్యిలో నిప్పులు పక్కకు లాగి, వేడి బూడిద మీద ఇత్తడి గిన్నె పెట్టేది.

అది గడ్డం గిన్నె. దాని అడుగున గుండ్రటి షేవింగ్ సబ్బు అతుక్కుని ఉండేది. మేం ఒంటికి రుద్దుకోగా మిగిలిన గంధం సబ్బు ముక్కలు కూడా అమ్మ అందులోనే అదిమేసేది... వాసన కోసం. గిన్నె వెచ్చబడ్డాక నాలుగు చుక్కలు వేడినీళ్లు చల్లి బ్రష్షుతో తిప్పేది. ముందు ఉత్త బుడగలు... తిప్పగా తిప్పగా నురుగు మీగడలా చిక్కబడేది. నేను వేలితో తీసి ముక్కుకు పూసుకునేదాన్ని. వీపు మీద ఒకటి పడేది.

మేం ఉండేది కోదాడలో. నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. ఆ దుమ్ము ఎక్కి గడ్డం మొండిగా తయారయ్యేది, చల్లటి సబ్బుకు లొంగేది కాదు. పైగా రోజుల తరబడి స్టీరింగు పట్టిన చేతులు బండి దిగాక కూడా వణికేవి. అందుకే రేజరు అమ్మ పట్టేది. మొగుడికి పెళ్లాం గడ్డం గీయడమేంటని వాడకట్టంతా నవ్వేది. నవ్వేవాళ్ల మొగుళ్లు సిమెంటు లారీ నడపరు కదా... అమ్మ పట్టించుకునేది కాదు.

ఒకసారి నాన్న వైజాగు నుంచి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు.

"మధ్యాహ్నం మల్ల పోవాలె. మిర్యాలగూడల బియ్యం లోడు తయారున్నదట... బెంగుళూరుకు" అన్నాడు.

"మరి నిద్ర?"

"తొవ్వల సూసుకుంట తియ్. పొద్దుగాల జర కన్నంటుకున్నది. బండి రోడ్డు దిగింది గని మల్ల ఎక్కించిన" అని నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ రోజు గిన్నె ఎప్పటికన్నా ఎక్కువసేపు బూడిద మీదే ఉంది. వెచ్చటి నురుగు మెల్లగా చెంపలకు, గదవకు, మెడ కిందికి రాసింది... రాస్తూనే ఉంది. నాన్న తల గోడకు ఆనింది. గురక మొదలైంది. అమ్మ ఒక చెంప శుభ్రంగా గీసింది. రెండో చెంప ముట్టుకోకుండా రేజరు కింద పెట్టేసింది.

నాన్నను లేపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టింది.

కాసేపటికి లారీ ఓనరు దగ్గర పనిచేసే యాదగిరి వచ్చాడు, నాన్నను తీసుకుపోవడానికి.

"వదినా, అన్నను లేపు. బండి నిలవడ్డది."

"ఎట్ల లేపాలె? సూడు ఆ మొఖం. సగం గడ్డంతోని గడప దాటుతరా ఎవలన్న?"

"అయితే జల్ది కానియ్యి. గీడనే కూసుంట."

"గిన్నె సల్లారింది. మల్ల ఉడుకు కావాలె."

గిన్నె మళ్లీ బూడిద మీదికెక్కింది. వెచ్చబడగానే అమ్మకు బియ్యం చెరగడం గుర్తొచ్చింది. అవి చెరిగేసరికి గిన్నె చల్లారింది. యాదగిరి చాయ్ తాగాడు, గొణిగాడు, చివరికి వేరే డ్రైవర్‌ను వెతుక్కుంటూ పోయాడు.

నాన్న పొద్దుగూకాక లేచాడు. అద్దంలో మొహం చూసుకుని "ఏందే ఇది?" అని అరిచాడు. "గిన్నె సల్లారింది" అంది అమ్మ. నాన్న రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ లారీ క్షేమంగానే పోయి వచ్చింది. అయినా అమ్మ తను చేసింది తప్పని ఎన్నడూ అనుకోలేదు.

అమ్మ పోయి చాలా కాలమైంది. నాన్న కోదాడలోనే నా దగ్గర ఉంటాడు. నేను సూర్యాపేటలో ఒక దవాఖానలో నర్సును. ఇవాళ పొద్దున నైట్ డ్యూటీ దిగి, బస్సులో నిలబడి, ఇల్లు చేరాను. కాళ్లు నావి కావన్నట్టున్నాయి. నాన్న సాసరు నిండా చాయ్ పోసి తెచ్చిచ్చాడు. తాగుతుండగానే ఫోను... డే డ్యూటీకి ఎవరూ లేరట, మళ్లీ రావాలట. సరే అన్నాను. ఈ మధ్య నాకు ఆ ఒక్క మాటే వస్తోంది.

చెప్పులు వేసుకుంటుంటే నాన్న వచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా తెల్లటి గడ్డం.

"బిడ్డా, చేతులు వణుకుతున్నయ్. మిగిలిన సగం నువ్వు చెయ్యి. జర గిన్నె ఉడుకువెట్టు."

నాకు చిరాకేసింది. ఇప్పుడే గుర్తొచ్చిందా ఈయనకు అనుకున్నాను.

"గిన్నెందుకు నాన్నా, నురుగు డబ్బా ఉన్నది గదా" అని డబ్బా నొక్కాను. బుస్సుమని నురుగు వచ్చింది, చల్లగా. చకచకా గీసేసి, తువ్వాలుతో తుడిచేశాను.

"అయిపాయెనా?" అన్నాడు.

"అయిపాయె."

నాన్న నా మొహం చూశాడు. పక్కకు జరిగి దారిచ్చాడు.

బస్సు మునగాల దాటాక ఆ సాసరు గుర్తొచ్చింది. అంచుల దాకా చాయ్... వంటింట్లోంచి నా చేతికి వచ్చేదాకా ఒక్క చుక్క తొణకలేదు. నాన్న చేతులు వణకడం లేదు. లారీ మానేసినప్పటినుంచీ వణకడం లేదు.

ఇప్పుడు నురుగు కోసం ఎవరూ కాచుకోనక్కర్లేదు. వేడి చేసేది లేదు, చల్లారేది లేదు... మనిషిని కాసేపు ఇంట్లో ఆపడానికి ఒక గిన్నె సాకైనా మిగల్లేదు.

మీ ఇంట్లో మిమ్మల్ని ఇలా ఆపిన వాళ్లెవరు? ఏం సాకు చెప్పి ఆపారు? రాయండి... డ్యూటీ దిగాక చదువుతాను. అంతకన్నా ముందు, ఈసారి వాళ్లు ఆపితే మీరైనా ఆగండి.