చుక్కల ఓడలో గింబాల్ మనిషి

ఎలిసియో గయారెస్ సొంతూరు గింబాల్ బడిలో ఆరో తరగతి దాటలేదు. ఆ సంగతి ఎవరో ఎత్తకముందే తనే చెప్పేవాడు, ఆ ఊపులోనే తక్కినవీ చెప్పేవాడు. డెక్కు కడిగే పనికి ఓడెక్కి సరంగు దాకా ఎదిగాడు. ఎన్ని తుఫానులొచ్చినా తన కింది మనిషిని ఒక్కణ్ణీ సముద్రానికి వదల్లేదు. పని మానేశాక కథ కూడా రాశాడు, అదీ సొంత కినరాయ భాషలో. చుక్కల మధ్య తిరిగే ఓడ కథ.

దాన్ని ఊరి రేడియోకిచ్చాడు. అక్కడ ఆదివారం కథలు చూసే పిల్ల గ్రెచెన్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"కథ బావుంది తాతయ్యా. పేర్లే..."

"పేర్లకేమొచ్చిందే?"

"కెప్టెన్ జా మిన్ ఊ. ఈయనకి ఇంటిపేరేదీ?"

"బర్మావాళ్లకుండదు. ఆయన కింద చేశాను, నాకు తెలీదా?"

"వంటాయన తంకప్పన్, చిన్న ఆఫీసరు ఒలెక్సాండ్ర్. తలో దేశంవాళ్లూ ఒకే ఓడలోనా?"

"నా ఆఖరి ఓడలో ఒకే బల్ల దగ్గర తిన్నాం. సముద్రం మీదే అలా ఉంటే నింగిలో అందరూ ఒక్క ఊరివాళ్లే ఉంటారా?"

"సరే, వాళ్లని నమ్ముతారు. ఇంజను గదిలో స్పుత్నిక్ గెన్సోలా ఉన్నాడు చూశారూ, వాణ్ణే నమ్మరు."

ఎలిసియో తెల్లబోయాడు. "వాడు నాతో ఓడలో చేసినవాడే! మీ మేనమామే కదా!"

"అదే కదా గొడవ! రష్యావాళ్ల ఉపగ్రహం ఎగిరిన ఏడు పుట్టాడని మా అమ్మమ్మ ఆ పేరు పెట్టింది. ఇప్పుడు బజార్లో చేపలమ్ముతున్నాడు. మనూళ్లో ఇంటిపేర్లన్నీ 'గ'తోనే కదా, వింటేనే మనూరోడని తెలిసిపోతుంది. జనం పొట్ట పట్టుకు నవ్వుతారు. రిక్ స్టార్మ్ అని పెడదాం తాతయ్యా."

"ఆ రిక్కెవడు? ఇన్ని రేవులు తిరిగాను, అలాంటి పేరుగలవాడు ఒక్కడూ తగల్లేదు. కావాలంటే కెప్టెన్ పేరు మార్చుకో, కథ సగానికి కోసుకో. వాడి పేరు జోలికి మాత్రం రాకు. ఏ ఓడ చూసినా కింద ఇంజను గదిలో మనోడే ఉంటాడు. ఓడ పైకెగిరే వేళకి వాణ్ణి రేవులో దించేస్తారా?"

గ్రెచెన్ పెన్ను తీసి కథ మధ్యలో అడ్డగీత గీసింది. "అయితే సగానికే కోస్తాను, టైము లేదు. మీరే చదవండి. నవ్వులపాలైతే నన్ననొద్దు."

ఆదివారం మైకు ముందు కూర్చున్నాడు. స్పుత్నిక్ గెన్సోలా అనగానే అద్దం అవతల మీటలు తిప్పే కుర్రాడు పగలబడి నవ్వాడు. పెనుగాలుల్లో వణకని మనిషి చదవడం ఆపేశాడు. నీళ్లు తాగి, ఆ పేరే మళ్లీ, ఇంకాస్త గట్టిగా చదివాడు. కథలో ఆవిరి గొట్టం పగిలి, వాల్వు మూయడానికి స్పుత్నిక్ ఆ పొగలోకి వెళ్లేసరికి కుర్రాడి నవ్వు ఆగిపోయింది. కోసిన కథ అక్కడికి అయిపోయింది.

మర్నాడు పొద్దున ఎలిసియో చేపల బజారుకి వెళ్లాడు. దూరాన్నుంచే స్పుత్నిక్ కత్తి ఎత్తి కేకేశాడు.

"సరంగన్నా! ఆ పొగలోంచి నేను బయటికొచ్చానా లేదా? బేరానికొచ్చిన ప్రతి ఆడమనిషీ నన్నే అడుగుతోంది, ఏం చెప్పి చావను?"

"వచ్చావులేరా," అన్నాడు ఎలిసియో. "ముందు చేప తూచు."