పంక్తిలో ఉగ్గుగిన్నె

ఇటు జరిగి కూచోండి, చాప ఇంకా ఉంది. మా ఆయనకు నోట్లో రాచపుండు లేచిన కథ చెబుతాను.

రేగడి చేలో పత్తికి దున్నేటప్పుడు ఆయన దవడన పొగాకు ముద్ద ఉండాల్సిందే. ఒక ఏడు ఆ దవడలోనే పుండు లేచింది. మిరప వేడి అనుకున్నాం. పొగాకు పెడితే నొప్పి తెలియదని ఆ పుండు మీదే ఇంకాస్త అదిమాం. నలిపి ఇచ్చింది నేనే. విరుదునగరం వైద్యుడు నోరు చూసి మదురై ఆసుపత్రికి పొమ్మన్నాడు. అక్కడ మత్తిచ్చి లోపల కోశారు. ఆ తర్వాత నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. మా పిల్లలకు పాలు పోసిన ఉగ్గుగిన్నెతోనే ఆయనకు సద్దగంజి పోశాను. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదని డాక్టరు చెప్పిన మాట కొంగున ముడేసుకుని, ఆయన్ని తీసుకుని మా కోవిల్‌పట్టి రైలెక్కాను.

వచ్చిన నెలకే ఆయన అక్క కూతురి పెళ్లి. మాలో మేనమామ తొలి ముద్ద తిననిదే పంక్తిలో ఎవరూ ఆకు ముట్టరు. పందిట్లోకి అడుగుపెట్టగానే వదినె నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మునికి బయట తిన్నె మీద ఆకు యేసినాము అమ్మీ. పిల్లోళ్లుండే పంతి, తప్పుగా అనుకోవద్దు."

"తిన్నె మీద కూకునేది కావిలి కుక్క వదినే. ఈయన మేనమామ."

ఆయన చెయ్యి పట్టుకుని పంక్తి మొదట్లో కూచోబెట్టి, ఇంటినుంచి చెంబులో తెచ్చిన గంజి ఉగ్గుగిన్నెలో పోశాను. ఎదురుగా ఉన్న ముసలి బంధువు, మీసాలొచ్చిన మొగోడికి ఉగ్గు పోసేదానికి సిగ్గు లేదా అన్నాడు.

"సిగ్గైతే తమరు అటు తిరిగి తినండి పెద్దయ్యా," అన్నాను.

సగం గంజి ఆయన తాగాడు. పెళ్లైన నాటినుంచీ ఆయన తిన్న ఆకులోనే నా భోజనం. ఆరోజు ఆకులో ఏమీ లేదు గనక గిన్నెలో మిగిలింది ఎత్తి తాగాను, అందరూ చూస్తుండగానే.

అప్పుడు ఆయన ఆ సందు నోటితోనే, వదినె వైపు చూసి అన్నాడు:

"ఉప్పు సాలలా అక్కా."

వదినె కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయి ఉప్పు తెచ్చి, నేను చెంబులోంచి మళ్లీ నింపిన గిన్నెలో తన చేత్తోనే వేసి కలిపింది. మళ్లీ పోశాను, మళ్లీ తాగాడు. ఆ తర్వాతే పంక్తి కదిలింది.

మీ ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు జరిగినా, మీవాళ్ల ఆకు ఒక్కటి కూడా తిన్నె మీదికి పోకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.