కోసిన విమానం

మొన్న నంద్యాలలో ఒక బొమ్మల షాపులో ప్లాస్టిక్ అతికించే జిగురు వాసన తగిలింది. అక్కడ ఇంక నిలబడలేకపోయాను.

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. అన్నకేమో ప్లాస్టిక్ విమానాల పిచ్చి. భాగాలు అతికించి తయారుచేసుకునే కిట్టులో వచ్చిన పొడుగు విమానాన్ని పొట్టి రకంగా మార్చాలని, బ్లేడుతో కోసి నడుమ రెండు వేళ్లంత ముక్క తీసేశాడు. మిగిలినవి అతికించేలోపే జబ్బు ముదిరి నంద్యాల ఆస్పత్రిలో చేర్చారు.

"నేనొచ్చి అతికిస్తా. ముక్కలు భద్రంగా పెట్టురా," అన్నాడు నాతో, ఆస్పత్రికి పోతూ.

విగ్రహానికి బీట పడితే నాయన ఇంట్లో ఉంచేవాడు కాదు. భిన్నమైంది ఉంటే ఇంటికి కీడని ఏట్లో వేసి వచ్చేవాడు. అన్నకు తగ్గకపోవడానికి ఆ విరిగిన విమానమే కారణమనుకున్నాను. దాన్ని తీసుకుపోయి ఏట్లో వేశాను.

మూడో రోజే అన్న ఇంటికొచ్చాడు. నాకు ఒకటే గర్వం.

"ముక్కలు యాడరా?"

"ఏట్లో వేసినా అన్నా. అందుకే నీకు తగ్గింది."

అన్న తిట్టలేదు. జిగురు ట్యూబు మూత బిగించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టర్లు చేతులెత్తేసి పంపించారని నాకెవరూ చెప్పలేదు. అన్నకు తెలుసు. అతికించడానికే వచ్చాడు.